ఆత్మకూరులో మిగిలిన ఇల్లు

1879, జూన్ నెల, మంగళవారం. జొన్నలు విసరడం అయింది. గొడ్లకు నీళ్ళు పెట్టడం అయింది. చింతపండు గింజ తీస్తుండగా మా బావగారి కొడుకు వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. ఆత్మకూరులో వాళ్ళమ్మ జ్వరంతో పోయింది. ఎండలకు శవం ఆగదని అక్కడే మట్టి చేశారు. ఆమె నాకు తోడికోడలు. మిగిలిన చింతపండు అట్లాగే ఉంది.

ఉదయగిరి కొండ కింద మా ఇంట్లో యేసును మొదట నమ్మింది ఆమే. అందుకు అత్తగారు ఆమె కుండను వీధిలో పగలగొట్టారు. ఒక వానకాలమంతా ఆమె గొడ్లపాకలో పడుకుంది. ఇల్లంతా బాప్తిస్మం తీసుకున్నది ఆ తరువాతే. నేను మిషను బడిలో చదువుకుని ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. బోధకుడు వాక్యం చదవమని పుస్తకం నా చేతికిచ్చాడు. అది మొదలు ఆదివారాలు ఆమె నాకు వీపు పెట్టి కూర్చునేది.

"నేను తన్నులు తిని తెచ్చుకున్న దేవుడు దీనికి పలక మీద దొరికినాడు" అనేది తిరగలి దగ్గర, నాకు వినబడేటట్టు.

కరువులో సంఘం గంజి పోసినప్పుడు కొలత నాకు అప్పగించారు. మా పల్లెలో పొద్దున్నే పెంకు పట్టుకుని పక్కిళ్ళకు నిప్పుకు పోతాం. నిప్పుతో పాటు మాటలూ వెళ్తాయి. ఆమె ఇల్లిల్లూ పోయి, గంజి నూకలు నేను ఇంటికి మూటకడుతున్నానని చెప్పింది. కొలత నా చేతిలోంచి తీసేశారు. ఆ మాట ఆత్మకూరు దాకా పోయింది. అక్కడ నా కూతురికి కుదిరిన సంబంధం వాళ్ళు కబురు పంపారు: "ఆకలిగొన్నోళ్ళ గంజిలో చెయ్యి పెట్టినోళ్ళ పిల్ల మాకొద్దు."

రొట్టె విరిచే ఆదివారానికి ముందు రోజు, ఎవరి మీదైనా ఎవరికైనా పగ ఉందా అని మా సంఘంలో అడుగుతారు. కరువు తీరాక ఒక శనివారం ఆమె లేచింది.

"నేను చెప్పింది అబద్ధం. ఆమె చదువు చూసి నా కడుపు మండింది."

అందరూ స్తోత్రం అన్నారు. నేను మాత్రం ఇంటికొచ్చాక అన్నాను: "సంఘంలో ఏడిస్తే తీరిపోయిందా అక్కా? నువ్వు చెప్పింది గడప గడపకూ కదా."

ఆమె "నిజమే అమ్మీ" అంది.

సోమవారం నుంచి మళ్ళీ అవే ఇళ్ళకు పోయింది. మా పక్కింట్లో జరిగింది నేను దొడ్లో ఉండి విన్నాను.

"నిప్పుకు పెంకు తేలేదేందక్కా?"

"నిప్పుకు రాలేదు. ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినాను. అది చెప్పి పోదామని వచ్చినాను."

"ఆ కథే బాగుండె. ఇట్ట చెప్పేదానికి మీ చెల్లి ఏమిచ్చిందేంది?" పక్కింటామె పకపక నవ్వింది.

ఆమె ఇంటికొచ్చి, "ఈ పొద్దు ఆ ఇల్లయింది" అని తిరగలి ముందు కూర్చుంది. అన్ని ఇళ్ళకూ అంతే.

ఈ మధ్య జ్వరం పడి లేచి, "ఆత్మకూరు ఇల్లు మిగిలి ఉండాది" అంది.

"వద్దక్కా. వాళ్ళు వేరే పిల్లను చేసుకునేసినారు."

"పెళ్ళి కోసరం కాదు అమ్మీ. వాళ్ళింట్లో నా అబద్ధం కూచోని ఉండాది. నేనే లేపుకొని రావాల."

కొడుకు బండి కట్టాడు. తరువాతిది అతను చెప్పిందే. ఆ సంబంధం అబ్బాయి తల్లి లోపలికి రానివ్వలేదట. ఈమె వీధిలో నిలబడి అంతా చెప్పి, బండెక్కబోతూ జ్వరం తిరగబెట్టి పడిపోయిందట. అప్పుడు ఆ తల్లే చాప వేసింది. చివరి స్నానం కూడా ఆమే చేయించింది. "మీ పిల్లకు అన్యాయం చేసినాం" అని చెప్పి పంపింది.

క్షమిస్తే మనసు తేలికవుతుందంటారు. నాకు కాలేదు. వాక్యంలో, తమ్ముణ్ణి అమ్మేసిన యోసేపు అన్నలకు ధాన్యం దొరికింది, క్షమాపణ దొరికింది. చెరసాలలో పోయిన అతని ఏళ్ళు ఎవరు తెచ్చిచ్చారు? అయినా అతను ధాన్యం కొలిచి ఇచ్చాడు. మా అక్క కూడా ఏ తేలికా లేకుండానే, నలుగురూ నవ్వుతుండగా, ఆ గడపలన్నీ ఎక్కింది. అది తలుచుకుంటే ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది.

పోయినవారి పేరున ఎవరికైనా ఏమైనా రావలసి ఉందా అని కొడుకు అడగడం మావాళ్ళలో ఉంది. సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన అయ్యాక అతను లేచి అడిగాడు. అందరూ నా వైపు చూశారు. నేను నా కూతురి వైపు చూశాను. పోగొట్టుకున్నది అది.

"ఏమీ లేదన్నా" అంది నా కూతురు. "కూచో."

అతను కూర్చోలేదు. ఆత్మకూరు దారి దుమ్ము పిక్కల దాకా పట్టి ఉంది. వచ్చినప్పటి నుంచి అతని కాళ్ళకు ఎవరమూ నీళ్ళివ్వలేదు. నా కూతురు చెంబు ముంచుకొచ్చి అతని ముందు పెట్టింది.

అక్క పేరున మాకు రావలసింది: చెల్లు.