మామ మడమకు నేనిచ్చిన మాత్ర

పోయిన వారం టీకా వేయించుకున్న భుజం ఎర్రగా కంది, వాచి, తాకితే చురుక్కుమంటుంటే, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, వాపు తగ్గే మాత్ర కోసం ఇల్లంతా వెతికాను. నర్సింగు చదివే మనవరాలు నా చేతిలోంచి మందుల డబ్బా లాక్కుని, "ఉండనీ తాతా, నీ ఒళ్లు దాని పని అది చేస్తాండాది" అంది. పరాయిది ఏదైనా లోపలికొస్తే నెత్తురు అక్కడికి ఎక్కువగా చేరుతుందట, అందులోని తెల్లకణాలు దాన్ని చుట్టుముట్టి పోరాడతాయట, మనం జబ్బనుకునే ఆ వేడీ వాపూ నిజానికి ఒంటికి కాపలాయేనట. నేను తలూపానే గానీ, కళ్ల ముందు మెదిలింది మామ మడమ.

మామంటే రక్తసంబంధం కాదు. బేతంచెర్లలో నేను మందుల షాపు నడిపిన రోజుల్లో పక్కింటి సాయిబును మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేవాణ్ణి. నాపబండలకు పాలిష్ పట్టే మిషన్ దగ్గర ఆయన పని. ఆ పని చూసిన మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పొద్దస్తమానం రాతి బురదలో ఉత్త కాళ్లతో నిలబడి, సాయంత్రానికి మోకాళ్ల దాకా తెల్లగా ఇల్లు చేరేవాళ్లు. వాళ్ల నొప్పులకు నేను డాక్టరు చీటీ అడక్కుండా ఇచ్చే చిన్న తెల్ల స్టెరాయిడ్ మాత్ర ఊళ్లో పేరు తెచ్చింది, ఆ పేరు నా తలకెక్కింది.

ఒకసారి రాతిపెళ్ల మామ మడమలో దిగింది. పెళ్ల తీసేశారు గానీ మడమ వాచి కాలిపోతోంది. అత్త కాల్చిన ఉల్లిగడ్డ కట్టి, "దాన్ని పక్వానికి రానీ నాయనా, మీ మామ నాలుగు దినాలు పనికి పోకుంటే ఏమవుతాది" అంది. ఉల్లిగడ్డ కూరలోకి దాచుకోమని నేను ఎగతాళి చేసి, అవే మాత్రలు పొట్లం కట్టిచ్చాను. రెండో రోజుకే వాపు దిగింది. "ఏమప్పా, శానా హాయిగా ఉండాది" అంటూ మామ మళ్లీ బురదలోకి దిగాడు. నొప్పి తిరిగొచ్చినప్పుడల్లా మళ్లీ ఇచ్చాను.

తెలియక ఇచ్చానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. చీము పట్టే పుండు ఉన్నప్పుడు వాడకూడదని మాత్రల పెట్టెలోని కాగితంలో రాసే ఉంది, నేను చదివాను కూడా. అణిగింది వాపే, చీము కాదు. కర్నూలుకు తీసుకుపోయేసరికి అది ఎముక దాకా పాకింది, పాదం తీసేశారు.

మామ నన్ను ఒక్క మాట అనలేదు. చంకకర్ర వేసుకుని రోజూ వచ్చి షాపు ముందు బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు నా హస్తవాసి గొప్పగా చెప్పేవాడు. లోపల మాత్రలు సర్దుతూ తల దించుకుని వినేవాణ్ణి. ఆయన కన్నుమూసేదాకా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న బేతంచెర్లకు పోయి, చూపు మందగించిన అత్త ముందు కూర్చుని అంతా చెప్పేశాను. "నీ మాత్రల వల్లేనని డాక్టరు ఆ పొద్దే చెప్పినాడు నాయనా. పిల్లోళ్లు గలోడు, తెలిస్తే షాపు మూసుకుంటాడని ఎవురికీ చెప్పొద్దని మీ మామ నాతో ఒట్టు వేయించుకున్యాడు" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

షాపు ఉన్న చోట ఇప్పుడు అద్దాల మందుల దుకాణం, డాక్టరు చీటీ లేనిదే మాత్ర ఇవ్వబడదని బోర్డు. ఎంతో మంచి మార్పు, మా కాలంలో వచ్చి ఉంటే మామ రెండు కాళ్లతో నడిచేవాడు. నా భుజం వాపు ఏ మందూ లేకుండానే నాలుగు రోజులకు దానంతటదే దిగిపోయింది. ఆనాడు అత్త నన్ను అడిగినవీ ఆ నాలుగు దినాలే.