తలుపు వెనక ఏడు రోజులు

మా యూరలీ అక్క ముప్పై ఒక్క ఏళ్ళు పై దేశాలవాళ్ళకి విశ్రాంతి తీసుకోవడం నేర్పింది. కరీబియన్ సముద్రంలో కారియకూ దీవి, అందులో విండ్‌వర్డ్ మా ఊరు. పడవలు కట్టే ఒడ్డుకి కాస్త ఎగువన మా ఇల్లు. పైన మూడు గదులు సెలవులకి వచ్చేవాళ్ళకి ఇచ్చేది. కింద వంటిల్లూ, మేమిద్దరం ఉండే రెండు చిన్న గదులూ. వంటింటి కిటికీలోంచి చూస్తే నీళ్ళకి అవతల పెటీ మార్టినీక్ దీవి కనిపిస్తుంది. ఒకే ఒక కొండ, దాని పాదాల దగ్గర నాలుగు వరసల ఇళ్ళు. పడవ మీద ఇరవై నిమిషాలు.

రెండు దీవులూ కలిపి చూడాలనుకునేవాళ్ళు అక్కకి మొదట్లో ఉత్తరాలు రాసేవాళ్ళు, తర్వాత ఫోన్లు చేసేవాళ్ళు. వచ్చిన రోజు సాయంత్రం వాళ్ళని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏడు రోజులూ ఒక కాగితం మీద వేసి ఇచ్చేది. ఆమె చేతిరాత ఆమెకే అర్థమయ్యేది కాదు. అందుకని ఆమె చెబుతుంటే నేను రాసేవాణ్ణి. నేను ఊరి బడిలో పంతుల్ని. అక్కా పెళ్ళి చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు.

ఒకసారి కెనడా నుంచి ఒక జంట వచ్చారు. ఆయన చేతిలో అచ్చు వేసిన జాబితా ఉంది. ఏ ఒడ్డుకి ఎన్ని గంటలకి వెళ్ళాలో, ఏ కొండ ఎప్పుడు ఎక్కాలో మొత్తం పంతొమ్మిది పనులు. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"ఇది సెలవా బాబూ, ఉద్యోగమా?" అంది.

ఆయన నవ్వాడు. అక్క నవ్వలేదు. పెన్సిల్ తీసుకుని పదకొండు కొట్టేసింది. నావైపు తిరిగి, "రాయి ఆల్బన్. సోమవారం పొద్దున్నే పగడపు గట్టు దగ్గర ఈత. ఎండెక్కకముందే వచ్చెయ్యాలి, తర్వాత గాలి లేస్తుంది. మంగళవారం, ఏమీ లేదు" అంది.

"ఏమీ లేదంటే?" అన్నాడాయన.

"ఏమీ లేదంటే ఏమీ లేదు. వరండాలో కుర్చీ ఉంది."

చేపలు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు పడవ నడిపే కాన్యూట్. "ఒప్పేసుకోండి సార్. నేనూ ఒకసారి వాదించాను. ఆ రోజంతా ఈవిడ గిన్నెలు తోమించింది" అన్నాడు.

"నీకు వేరే కాగితం కాన్యూట్. నీకు ఏడు రోజులూ మంగళవారాలే" అంది అక్క.

ఎవరిని కాన్యూట్ పడవ ఎక్కించాలో, ఎవరిని ఎక్కించకూడదో కూడా ఆమెకి లెక్కే. అతను గట్టు దాటేలోపు తన మోకాలి నొప్పి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు. మాటలు కావలసినవాళ్ళని అతనితో పంపేది. ఎవరినో పోగొట్టుకుని వచ్చినవాళ్ళని మూగ జోసయా పడవలో పంపేది. పోగొట్టుకున్నామని వాళ్ళు చెప్పేవారు కాదు. టీ కప్పు ఎలా పట్టుకున్నారో చూసి తెలుసుకునేది.

అక్కకి తనదంటూ ఒక కాగితం ఉంది. వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడేది. అదీ నేను రాసిందే.

సోమవారం: పదకొండు గంటల పడవ. ఏమీ మోయకూడదు.
మంగళవారం: ఏమీ లేదు.
బుధవారం: పడుకున్న చోటికే టీ ఎవరైనా తెచ్చివ్వాలి.
గురువారం: ఇస్మే వరండాలో కూర్చుని మన వంటింటి వెనక పొద్దు గుంకడం చూడాలి.
శుక్రవారం: చేప. ఎవరు వండినా సరే, నేను మాత్రం కాదు.
శనివారం: మళ్ళీ ఏమీ లేదు.
ఆదివారం: రెండు గంటల పడవ. బుద్ధి పుడితేనే.

ఇస్మే మా పిన్ని కూతురు. పెటీ మార్టినీక్‌లో కొండ మీద ఇల్లు, మేడ మీద ఒక ఖాళీ గది. అక్క ఆ దీవికి వెళ్ళలేదని కాదు. పెళ్ళిళ్ళకీ, చావులకీ, కొత్త పడవ నీళ్ళలోకి దింపే రోజుకీ వెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ చేతిలో ఇనప కుండ ఉండేది. పొయ్యి ముందు నిలబడి, చేతులు కాల్చుకుని, సాయంత్రం పడవకి తిరిగొచ్చేది. మా ఊరు తూర్పు ఒడ్డున ఉంది. పొద్దు మా వెనక కొండ చాటుకి పోతుంది. అది చూడాలంటే అవతలి దీవిలో కూర్చోవాలి. సాయంత్రాలు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

కాగితం పైన నెల పేరు మాత్రం పెన్సిల్‌తో రాయించుకునేది. ఏదో ఒకటి అడ్డొచ్చేది. చెరిపి ఇంకో నెల రాసేవాణ్ణి. చెరిపి చెరిపి అక్కడ కాగితం పల్చబడింది. వెలుతురుకి పడితే వేలు కనిపించేది.

పోయిన జనవరిలో ఆమె నిజంగానే బయల్దేరింది. సంచీ సర్దుకుంది. నీలం పట్టీ ఉన్న గడ్డి టోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, వంటింటి కుర్చీలో కూర్చుని పడవ వేళకి ఎదురుచూస్తోంది. ఫోన్ మోగింది. టొరాంటో నుంచి పదకొండుసార్లు వచ్చిన ముసలావిడ. మర్నాడే వస్తానంది. అక్క నావైపు చూసింది.

"వచ్చే నెల వెళ్ళొచ్చులే అక్కా. దీవి ఎక్కడికి పోతుంది?" అన్నాను.

"అదీ నిజమేలే" అని టోపీ తీసేసింది.

జనవరి చెరిపి ఫిబ్రవరి రాశాను.

ఫిబ్రవరి పదమూడున పొద్దున వెనక మెట్టు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. నేను ఉప్పు ఎక్కడుందో అడగడానికి వెళ్ళాను. గోడకి ఆనుకుని ఉంది. ఒళ్ళో గిన్నె సగం నిండి ఉంది. గిన్నె తీసుకుని పక్కన కూర్చున్నాను. మిగిలిన కాయలు ఒలిచాను. అన్నీ అయ్యాకే లేచి వెళ్ళి మనుషుల్ని పిలిచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

మూడో రోజు ప్రార్థన, తొమ్మిదో రోజు ప్రార్థన, నలభయ్యో రోజు ప్రార్థన జరిగాయి. అందరూ నా భుజం మీద చెయ్యి వేశారు. చేతుల బరువు తెలిసింది, అంతే. వచ్చేవాళ్ళకి గదులు ఇస్తూనే ఉన్నాను. దుప్పట్లు మారుస్తూనే ఉన్నాను. వాళ్ళ ఏడు రోజులూ అక్క పాత కాగితాలు చూసి దించి ఇచ్చేవాణ్ణి.

నలభయ్యో రోజు దాటిన వారానికి, మధ్యాహ్నం కునుకులో అక్క వచ్చింది. వంటింటి కుర్చీలో కూర్చుంది. టోపీ, ఒళ్ళో చేతిసంచీ. మాట్లాడలేదు.

మా దీవుల్లో పోయినవాళ్ళు కలలోకి వస్తే ఒకటే అర్థం. ఆకలేస్తోందని. అప్పుడు సరాకా చెయ్యాలి. ఊరందరికీ వండి పెట్టాలి, అందరికంటే ముందు పెద్దల పళ్ళెం పెట్టాలి. అది ఎలా పెట్టాలో నెన్నెన్ డోర్కస్‌కి తెలుసు. నెన్నెన్ అంటే జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న తల్లి. డోర్కస్ సగం ఊరిని ఎత్తుకుంది కాబట్టి ఊరందరికీ నెన్నెనే. ఎనభై ఎనిమిదేళ్ళు. నా కల మొత్తం వినలేదు.

"తిండి కావాలి దానికి. ఇన్నేళ్ళూ అందరికీ వండి పెట్టింది కదా, తనెప్పుడు తిందిరా?" అంది.

"అడగలేదు నెన్నెన్."

"బతికున్నప్పుడు మాత్రం అడిగిందా? మేకని చూడు, పో."

సరాకా చేశాం. పెరట్లో రాళ్ళ పొయ్యిల మీద ఆడవాళ్ళు మొక్కజొన్న సంకటి కెలికారు. అన్నం, కందులు, మేక మాంసం. నెన్నెన్ నేల మీద ముందు నీళ్ళు, తర్వాత రమ్ము చిలకరించి అక్కని పేరుపెట్టి పిలిచింది. అక్క గదిలో బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, పళ్ళెం పెట్టి తలుపు మూసింది. నెన్నెన్ తెరిచేదాకా ఎవరూ లోపలికి పోకూడదు. కాన్యూట్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. "యూరక్క వంట కాదిది. తను ఉంటే నన్ను రెండోసారికే తరిమేది" అని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

నాలుగు రోజులకి అక్క మళ్ళీ వచ్చింది. అదే కుర్చీ, అదే టోపీ.

నెన్నెన్‌కి కోపం వచ్చింది. "ఏం పెట్టావు? మేకా? ఒరేయ్ పంతులూ, అది మేక మాంసం ముట్టేదా?"

"పెట్టింది నువ్వు నెన్నెన్."

"తెచ్చింది నువ్వు. ఈసారి చేప పట్రా."

చేప పెట్టాం. చిన్నగానే చేశాం. మూడో రోజు మధ్యాహ్నం అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి తలెత్తి గోడ గడియారం చూసింది.

"నోరు విప్పిందా?" అంది నెన్నెన్.

"లేదు. గడియారం చూసింది."

"ఎంతయింది అందులో?"

"పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ."

"అది భోజనం వేళ కూడా కాదే!" అని నెన్నెన్ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. ఆమెకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఇంటికొచ్చి వంటిల్లు ఊడ్చాను. మూల ఉన్న చెత్త కోసం తలుపుని ముందుకి లాగాను. కాగితం కనిపించింది. సోమవారం: పదకొండు గంటల పడవ.

చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. రెండుసార్లు వండించి పెట్టి, ఆమె కూర్చున్న కుర్చీ చుట్టూ తిరిగి, ఆమెనే ఆపాం. బతికున్నప్పుడు చేసిందే చేశాం.

ఫిబ్రవరి చెరిపాను. జాగ్రత్తగా చెరపాల్సి వచ్చింది. మే అని రాశాను. ఇస్మేకి ఫోన్ చేసి మేడ మీది గది అడిగాను. ఆ వారానికి గదులు కావాలని ఫోన్ చేసినవాళ్ళందరికీ లేవన్నాను. తర్వాత నెన్నెన్ దగ్గరికి వెళ్ళాను.

"పళ్ళెం అవతలి దీవిలో పెట్టాలి. ఏడు రోజులు" అన్నాను.

"పళ్ళెం ఇంట్లో పెడతార్రా. చచ్చినవాళ్ళు సెలవులకి పోతారని ఎక్కడైనా విన్నావా?"

"ఆమె పోతానంటోంది."

నెన్నెన్ లేచింది. "పిచ్చి మొహం" అంది. నన్నో అక్కనో తెలియలేదు. లోపలికి వెళ్ళి తెల్ల గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అక్కడ ఇస్మే గుడ్డలు వాడకు. దాని గుడ్డలన్నిటికీ చేపల వాసన."

సోమవారం కాన్యూట్ పడవ ఎక్కాను. సంచీ, గుడ్డ నేను మోశాను. అక్క టోపీని నా పక్కన బల్ల మీద పెట్టాను. ఒక మనిషి దాన్ని తీసి కూర్చోబోయాడు.

"అక్కడ మనిషి ఉంది" అన్నాడు కాన్యూట్. టోపీ వైపు చూస్తూ, "యూరక్కా, నా మోకాలు ఇవాళ..." అని మొదలుపెట్టి ఊరుకున్నాడు. గట్టు దాటేదాకా అతను మాట్లాడకపోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఇస్మే గేటు దగ్గరే ఉంది. ఆమెకి చెప్పాల్సినవన్నీ ఫోన్‌లోనే చెప్పాను. టోపీ అందుకుని మేడ మీదికి నడిచింది, పక్కన ఎవరో నెమ్మదిగా ఎక్కుతున్నట్టు ఆగి ఆగి. గదిలో కిటికీ ముందు బల్ల మీద గుడ్డ పరిచాను. టోపీ మేకుకి తగిలించాను.

మంగళవారం ఏమీ చెయ్యలేదు. ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. బుధవారం టీ కాచి మేడ మీదికి తీసుకెళ్ళి పెట్టాను. గంట తర్వాత వెళ్తే అలాగే ఉంది, చల్లారిపోయింది. పారబోసి కప్పు కడిగాను. గురువారం సాయంత్రం వరండాలో కుర్చీ పడమటికి తిప్పి వేశాను. పక్కన ఇంకో కుర్చీ వేసుకుని నేను కూర్చున్నాను. అవతల మా ఊరు చిన్నగా ఉంది. మా వంటింటి రేకుల కప్పు వెనక కొండ, కొండ వెనక పొద్దు దిగిపోయింది. ఎర్రగా ఉంది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. శుక్రవారం ఇస్మే చేప వండి మొదటి పళ్ళెం మేడ మీద పెట్టింది. ఉప్పు ఎక్కువైంది. "ఉన్నట్టయితే తిట్టేది" అంది ఇస్మే. "తిట్టదు. ఎవరు వండినా సరే అని రాయించింది" అన్నాను. శనివారం మళ్ళీ ఏమీ లేదు. ఆ రోజు అంత కష్టంగా లేదు.

ఆదివారం మధ్యాహ్నం గుడ్డ మడతపెట్టాను. టోపీ కోసం చెయ్యి చాచి ఆగాను. కాగితం తీసి చూశాను, కంఠతా వచ్చిన దాన్నే. బుద్ధి పుడితేనే. టోపీని మేకుకే ఉంచి తలుపు దగ్గరగా వేశాను.

రేవులో కాన్యూట్ నా చేతులు చూశాడు.

"యూరక్క ఏదీ?"

"రానంది."

"మంచి పని చేసింది" అని తాడు విప్పాడు.

దారిలో మోకాలి సంగతి మొదటినుంచీ చెప్పాడు. విన్నాను.

ఆ తర్వాత కూడా మధ్యాహ్నాలు వంటింట్లో, ఆ కుర్చీకి ఎదురుగా చాప వేసుకుని పడుకుంటూనే ఉన్నాను. నిద్ర పడుతుంది. అక్క రాలేదు.