పత్తి ఈరన్న, పెళ్లినాటి చిరుత

ఈరన్న చేతులు ముందుగా తుపాకిని ముట్టవు, పత్తిని ముట్టుకుంటాయి. సొరుగులోంచి కాస్త దూది తెంపి, వేళ్ల మధ్య గోళీకాయలంత ఉండలు రెండు చుట్టి, కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఒకటి కూరుకుంటాడు. ఎవరి తాతగారి తుపాకైనా ఆయన బల్ల ఎక్కేది ఆ తరువాతే.

నారాయణగూడలో రాఘవేందర్ గారి తుపాకుల దుకాణంలో ముప్పై ఏళ్లుగా ఇదే వరస. కొత్తవాళ్లు చెవుడు అనుకుంటారు. పాపం, తుపాకుల మధ్య బతుకు కదా అని జాలిపడతారు. నిజానికి ఈరన్నవి పాముచెవులు. చిక్కడపల్లి మార్కెట్లో ఎవరైనా వంకాయల ధర అర్ధరూపాయి తగ్గించి గొణిగితే ఇక్కడ తల తిప్పే రకం. అలాంటి చెవులను ఆయన మూసుకునేది ఒక్కదాని కోసం: తుపాకి వెంట వచ్చే కథ వినకుండా ఉండటానికి.

కథ లేని పాత తుపాకి హైదరాబాదులో లేదు. ఒకరి తాతకు దొర బహుమానంగా ఇచ్చాడు. ఇంకొకరి ముత్తాత ఒక్క గుండుకు రెండు పులులను పడగొట్టాడు. ఆ దుకాణంలో వినిపించిన పులులన్నీ నిజంగా చచ్చి ఉంటే నల్లమలలో పిల్లి కూడా మిగిలేది కాదు.

"ఇనుము అడుగుతే చెప్తది. మనిషి అడగకున్నా చెప్తడు. నాకు ఇనుమే నయం," అంటాడు ఈరన్న.

ఆయన్ను పిలవాలంటే బల్ల మీద తట్టాలి. ఒక తట్టు చాయి, రెండు తట్లు ఫోను, మూడు తట్లు భార్య నర్సింహమ్మ. ఒకసారి రాఘవేందర్ ఆమెనే అడిగాడు. "ఏందమ్మా, ఇంట్ల గూడ పత్తి పెట్టుకుంటడా?"

"ఇంట్ల పత్తెందుకు సేటు? ఊకెనే ఇనడు," అంది నర్సింహమ్మ.

ఈరన్న పాలమూరు జిల్లా నుంచి తండ్రితో కలిసి ఇటుకలు మోసే పనికి వచ్చినవాడు. కుట్టుమిషన్లు విప్పి నేర్చుకున్నాడు, తాళాలు విప్పి నేర్చుకున్నాడు, చివరకు తుపాకులు విప్పి నేర్చుకున్నాడు. గురువు ఎవరని అడిగితే స్క్రూడ్రైవర్ చూపిస్తాడు. ఇంగ్లీషు రాదు. ఆయనకు ఆ అక్షరాలు బొమ్మలు. విలాయతి తుపాకుల గొట్టాల అడుగున, కట్టె కప్పేసిన చోట, పరీక్ష చేసినవాళ్లు కొట్టిన ముద్రలుంటాయి: ఒక కిరీటం, అడ్డంగా వేసిన రెండు రాజదండాలు, వాటి పక్కన ఏడాదికొకటి మారే చిన్న అక్షరం. కొన్న రసీదుతో సహా తుపాకి వచ్చినప్పుడల్లా ఈరన్న ఆ ముద్రను తన లావుపాటి నోటుబుక్కులో గీసుకుని, పక్కన సంవత్సరం వేసుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆ పుస్తకం తుపాకుల పంచాంగమైంది.

తేల్చిన సంగతి నోటితో చెప్పడు. కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, వారసుల చేతికే ఇస్తాడు. బాగ్ లింగంపల్లి ఉమాకాంత్ గారు తమ తుపాకి లండన్ రాజుగారి కార్ఖానాలో పుట్టిందని గంటసేపు ఉపన్యసించారు. ఈరన్న పత్తి చెవులతో పని ముగించి, గొట్టం మీద కనబడిన బొమ్మలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి దించి ఇచ్చాడు. ఉమాకాంత్ గారు కూడబలుక్కుని చదివారు: "నాట్ ఇంగ్లిష్ మేక్." మడతలు మళ్లీ అలాగే వేసి, చాయి తాగకుండా వెళ్లిపోయారు.

అలాంటి ఈరన్న దగ్గరికి 2012 వానాకాలంలో అశోక్ నగర్ సులోచన గారు వచ్చారు.

సులోచన గారు ముప్పై ఎనిమిదేళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన టీచరు. మాట్లాడటం ఆపితే మైకం వస్తుందని ఆమె స్వయంగా చెప్పేవారు. ముందటి ఏడు ఆమె తండ్రి పోయారు. ఆయన వేటతుపాకి అప్పటి నుంచి రాఘవేందర్ దుకాణంలోనే భద్రంగా ఉంది. లైసెన్సు తన పేరున మారాలంటే అది ఏ రకం, ఏ నంబరు, ఏ కాలానిది అని దరఖాస్తుతో కాగితం పెట్టాలి. కాగితం ఒక పని. రెండో పని వెంట వచ్చిన మేనల్లుడు అనురాగ్.

తండ్రి తన పెళ్లికి ముందురోజు, 1941లో, ఈ తుపాకితోనే చిరుతను కొట్టి, దాన్ని భుజాన వేసుకుని పెళ్లి పందిట్లోకి నడిచి వచ్చాడన్నది ఆ ఇంటి కథ. ఏ శుభకార్యంలోనైనా పాయసం వడ్డించే వేళకు సులోచన గారు అది చెప్పి తీరాలి. వచ్చే నెల అనురాగ్ చెల్లెలు నవత పెళ్లి. కొత్త వియ్యాలవారికి చెప్పడానికి ఆమె అప్పుడే గొంతు సవరించుకుంటున్నారు.

"అత్తా, ఒక్క మాట," అన్నాడు అనురాగ్ ఆటోలో. "బందూకు పెళ్లికంటె ముందుదని తేలితే పందిట్ల నేనే మైకు తెచ్చి నీ చేతికిస్త. తర్వాతదైతే కథ బంద్. నవత పెళ్లిలనే కాదు, ఎప్పటికీ."

"ఎప్పటికీ అంటే ఎప్పటికీ రా! మా నాయిన అబద్ధాలకోరా?" అన్నారు ఆమె. రోషం ముందు అన్నది, భయం తరువాత వచ్చింది.

అందుకే బల్ల దగ్గర కూర్చోగానే మొదలుపెట్టారు. "ఈరన్నా, మా నాయిన పెళ్లి రేపనంగా ఏమైందో ఎరుకేనా..."

రెండు ఉండలు, రెండు చెవులు. అంతే.

"ఇనబడ్తలేదా?" అని ఆమె రాఘవేందర్ వైపు చూశారు.

"ఇనడు మేడం. ప్రధానమంత్రి వచ్చినా ఇనడు."

టీచరమ్మ ఓడిపోయే మనిషి కాదు. సంచిలోంచి పుస్తకం తీసి, గుండ్రటి అక్షరాలతో 'మా నాయిన 1941లో' అని మొదలుపెట్టి పేజీ నిండా రాసి ఆయన ముక్కు కింద పెట్టారు. ఈరన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. దాని బదులు కంటికి గడియారాలవాళ్ల భూతద్దం బిగించుకున్నాడు.

ఇక మిగిలింది అభినయం. సులోచన గారు లేచి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, దుకాణం మధ్యలో వంగి చిరుతలా నాలుగడుగులు వేశారు. పళ్లు చూపించారు. ఆనక తుపాకి ఎక్కుపెట్టి పేల్చారు, ఆనక తామే చచ్చి కుర్చీలో పడ్డారు. అనురాగ్ నవ్వాపుకోలేక గుమ్మం బయటికి పోయాడు. ఈరన్న తన స్టూలును గోడవైపు తిప్పుకున్నాడు.

అక్కడి నుంచి పని మొదలైంది. లోపల గుండు లేదని రెండుసార్లు చూశాడు. రెండు మరలు విప్పి గొట్టాన్ని కట్టె నుంచి వేరుచేశాడు. అడుగున ఎన్నో వానాకాలాల మడ్డి పేరుకుని ఉంది. తీగబ్రష్షు పెట్టలేదు, పెడితే ముద్ర కూడా పోతుంది. కిరసనాయిలు చుక్కలు వేసి, నానేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెదురుపుల్లతో మడ్డిని ఊడదీసి, గుడ్డతో తుడిచి, చిటికెడు ముఖం పౌడరు రుద్దాడు. నల్లటి ఇనుము మీద తెల్లగా నంబరు లేచింది, కిరీటం లేచింది, దండాల పక్కన చిన్న అక్షరం లేచింది. నోటుబుక్కు తిప్పాడు. ఒకసారి పోల్చాడు. పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మొదటి నుంచి పోల్చాడు.

రెండు గంటలు. అంతసేపు మాట్లాడకుండా సులోచన గారు కూర్చోవడం అదే మొదలు. ఆయన వేలు పేజీ మీద కదిలినప్పుడల్లా ఆమె కుర్చీ అంచుకు జరిగారు. తండ్రి పరీక్ష రాస్తున్నట్టూ, పేపరు దిద్దే పంతులు మొహం చూపించనట్టూ ఉంది.

ఈరన్న కాగితం రాశాడు, నాలుగు మడతలు పెట్టాడు. చెవుల్లోంచి పత్తి తీసి బల్ల మీద పెట్టాడు. అనురాగ్ చేయి చాపాడు. కాగితం ఆ చేతిని దాటి సులోచన గారి చేతికి వెళ్లింది.

ఆమె చదువుకున్నారు. 1949. అటో ఇటో ఒక ఏడాది.

"ఏమున్నది అత్తా?"

ఆమె కాగితాన్ని గుప్పిట్లో మూశారు.

"పెద్దాయనా, ఏ సంవత్సరం రాసినవు?" అనురాగ్ ఈరన్ననే అడిగాడు.

ఈరన్న గొట్టానికి నూనె పట్టిస్తున్నాడు.

"పెద్దాయనా! నిన్నే!"

నూనె గుడ్డ అటు పోయింది, ఇటు వచ్చింది.

"ఏందన్నా ఇది? చెవులల్ల పత్తి లేదు గద!" అన్నాడు అనురాగ్ రాఘవేందర్‌తో.

రాఘవేందర్ నవ్వాడు. "బాబూ, కాయిదం ఇచ్చినంక నోటితోని చెప్పడు. మా ఈరన్నకు కథలంటే పానం. ఇంటే కరిగిపోతడు. ముషీరాబాద్ కమలవ్వ అని ఒకామె వచ్చి పెనిమిటి ముచ్చట చెప్పి ఏడిస్తే, తుపాకి వయసు పదేండ్లు పెంచి రాసిచ్చిండు. వారం దినాలు ముద్ద మింగలే. ఆఖర్కి నడుసుకుంట పోయి, అవ్వ కాళ్లు మొక్కి, ఆ కాయిదం వాపస్ తెచ్చి అసలుది ఇచ్చిండు. ఆమె తిట్టలే, చాయి పోసింది. తెల్లారి నుంచి పత్తి. అబద్ధం రాయనూ వద్దు, ఎవరి తాతనూ అబద్ధాలకోరు అననూ వద్దు. కథే ఎరుక లేకుంటే ఇగ లొల్లేముంది?"

ఈరన్న చెవుల కొసలు ఎర్రబడ్డాయి. అవి పనిచేస్తున్నాయనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సులోచన గారు ఆ చెవులను చూశారు. కాగితం మడిచి సంచిలో వేసుకుంటే లాక్కుని చదివేవాళ్లు లేరు. దారిన పోతూ ఏ సంవత్సరమైనా చెప్పొచ్చు. కానీ ఇంత జాగ్రత్తగా రాసిన నిజాన్ని దాచడానికి చేయి రాలేదు.

"నలభై తొమ్మిది రా," అన్నారు మేనల్లుడితో. "పెళ్లయిన ఎనిమిదేండ్లకు పుట్టింది బందూకు. నువ్వే గెలిచినవ్."

గెలిచినవాడి మొహం వాడిపోయింది. "ఊకో అత్తా, నేను మజాక్‌కు అన్న..."

"అమ్మా," అన్నాడు ఈరన్న. అంతా తిరిగి చూశారు. "పని అయిపాయె. ఇగ చెప్పుండ్రి, ఇంట. ఇందాక మీరు ఆడింది చిరుతేనా? నడక జర బర్రె లెక్క ఉండె."

"గోడ దిక్కు తిరిగి గూడ చూసినవా!" అన్నారు ఆమె. ఇక ఆపతరం కాలేదు. చెట్టు, చీకటి, చిరుత కళ్లు, పందిరి, పెళ్లికూతురు కెవ్వున అరవడం, అన్నీ చెప్పారు. ఈరన్న నోరు తెరుచుకుని విన్నాడు. చిరుత దూకినప్పుడు స్టూలు మీద వెనక్కి జరిగాడు.

"మంచిగున్నది," అన్నాడు చివరకు. "ఒక్కటి చెప్త ఇనుండ్రి. ఈ బందూకుతోని కొట్టలే. గది పక్కా. కొట్టనే లేదని మాత్రం ఈ ఇనుము చెప్పదు. దానికి ఎరుక లేదు, అప్పటికి అది పుట్టలే. ఆ దినాలల్ల ఊర్లల్ల మూతి నుంచి మందు కూరే నాటు తుపాకులే ఎక్కువ. ఎవ్వరిదన్న అడుక్కొని పోయిండొచ్చు. చిరుత బందూకు నంబరు చూసి చస్తదా?"

అనురాగ్ ఆలోచించాడు. "అంటే పందెం..."

"పందెం బందూకు మీద కట్టినవ్ కొడుకా, చిరుత మీద గాదు," అన్నాడు ఈరన్న.

నవత పెళ్లిలో పాయసం వేళకు మైకు అనురాగే తెచ్చి ఇచ్చాడు. సులోచన గారు 'అడిగి తెచ్చుకున్న నాటు తుపాకితో' అని మార్చి చెప్పారు. ఊరి తుపాకి ఊరి పందిరికి నప్పింది; కథ మునుపటి కంటే బాగా కుదిరిందని వియ్యాలవారు రెండోసారి చెప్పించుకున్నారు.

చలికాలంలో ఆమె పేరున లైసెన్సు వచ్చింది. ఈరన్న తుపాకిని చివరిసారి తుడిచి, ఖాళీగా ఉందని తెరిచి చూపించి, రిజిస్టరులో ఆమె సంతకం పెట్టేదాకా ఆగాడు. ఆ తరువాత తుపాకిని ఆమెకు అందించాడు. బరువుకు సులోచన గారి మోచేతులు కిందికి జారాయి.

"అబ్బో! మా నాయిన దీన్ని ఒక్క చేత్తోని..." అని మొదలుపెట్టి, ఈరన్న మొహం చూసి ఆగారు.

"రెండు చేతులతోనే ఎత్తేటోడు," అన్నారు, తుపాకిని రెండు చేతులా గుండెకు ఆనించుకుని.