మైక్రోవేవ్‌లో బాస్‌గారి గిన్నె

ఎనభైల మొదట్లో సంగతి. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఓ గదంత ఉండేది. అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా ఆఫీసు మొత్తానికీ అదొక్కటే. ఎవరి బల్ల మీద వాళ్లకి ఒక తెర, ఆ తెర ముందు ఒక నిట్టూర్పు. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం నాది. కొత్తగా చేరాను, ఇంకా పర్మనెంట్ కాలేదు. మధ్యాహ్నమైతే చాలు, మెషీన్ నత్తనడక. కస్టమర్ అడ్రస్ ఒక్కటి చూడాలన్నా క్లర్కులు వెళ్లి కాఫీ తాగి వచ్చేవారు. చివరికి మా బాస్ (వెనకాల మీసాలాయన అనుకునేవాళ్లం) నన్ను పిలిచి, "నెలాఖరుకి ఇది బాగుపడకపోతే నీ స్థానంలో ఇంకొకర్ని చూసుకుంటాను" అన్నాడు, చాలా మర్యాదగా.

ఏ పని ఎంతసేపు నడుస్తోందో, ఎంతసేపు ఎదురుచూస్తోందో కొలిచే చిన్న ప్రోగ్రాం రాశాను. మెషీన్‌కి ఓపిక బాగానే ఉంది. మధ్యాహ్నం మీసాలాయన పెద్ద రిపోర్టు ఎక్కి కూర్చుంటే, అది దిగేదాకా చిన్న పనులన్నీ గుమ్మం బయటే. దాన్ని కాసేపు, వీటిని కాసేపు నడిపితే సరిపోతుందన్నాను. "నా రిపోర్టు మధ్యలో ఆపుతావా?" అని ఆయన నా కాగితాలు పక్కన పడేశాడు.

మర్నాడు లంచ్‌కి మైక్రోవేవ్ ముందు పెద్ద క్యూ. లోపల మీసాలాయనది, రాయిలా గడ్డకట్టిన గిన్నెడు స్టూ. ఆయన పేపర్ చదువుకుంటున్నాడు, మిగతావాళ్లు చల్లారిన కాఫీ కప్పులతో నిలబడ్డారు. నాకేం పట్టిందో, తలుపు తీసి ఆయన గిన్నె బయట పెట్టేశాను. "చెల్లెమ్మా, ఉద్యోగం ఊడుతుంది, లోపల పెట్టెయ్" అని గొణిగారు గుంటూరు అన్నగారు (ఆఫీసులో నేను కాక ఉన్న ఒకే ఒక్క తెలుగు మనిషి). రెండు కప్పులు వేడిచేశాను, కాసేపు గిన్నె పెట్టాను, మళ్లీ రెండు కప్పులు. అందరూ కాఫీ పట్టుకెళ్లి కూర్చున్నాక, పొగలు కక్కే గిన్నె ఆయన ముందు పెట్టాను.

"సర్," అన్నాను (అలా పిలవొద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నాకు అలవాటు పోలేదు). "మీకు కొంచెం ఆలస్యమైంది. వీళ్లందరికీ మాత్రం పనైపోయింది. మెషీన్‌లో నేను చేస్తానన్నది ఇదే."

ఆయన గిన్నె వంక చూశాడు, గదిలో జనం వంక చూశాడు. "సరే, ఇవాళే మార్చెయ్" అన్నాడు.

మార్చాను. ఆ మధ్యాహ్నం ఒక క్లర్కు ఫోన్ చేసి, "అడ్రస్ అడగ్గానే వచ్చేసింది, మెషీన్ పాడైనట్టుంది" అని కంప్లయింట్ ఇచ్చింది. అంతకంటే మంచి సర్టిఫికెట్ నాకు మళ్లీ రాలేదు. ఆ శుక్రవారమే పర్మనెంట్ చేశారు. అన్నగారైతే కనబడ్డవాళ్లందరికీ "మా చెల్లెలే" అని చెప్పుకున్నారు.

ఇప్పుడు రిటైరయ్యాను. మొన్న రెస్టారెంట్‌లో సూప్ చల్లగా వస్తే, "అత్తయ్యా, మార్చమని అడగండి" అంది కోడలు. ఎందుకులే, పాపం వాళ్లు బిజీగా ఉన్నారని తాగేశాను. కారెక్కాక, బాస్ గిన్నె బయట పెట్టేసిన ఆనాటి ఆ పిల్ల గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.