పైపు ఇయ్యుండ్రి సార్

ఈ వారం నేను పోలీసు జీపుల కోరుట్లకు పోయిన. నిజం, జీపులనే! నా ఒళ్లె ఒక పైపు, ముంగట సీట్ల ఎస్సై సారు. ఎందుకు పోయిన్నో చెప్త గని, చాయ్ తాగుడు అయినంక నవ్వుండ్రి. లేకుంటె నా మీదనే ఉమ్ముతరు.

మా బావ రాజేశం మీకు ఎరికే గదా, దుబాయిల ఒక షేకు ఇంట్ల చేపల తొట్టి చూసుకుంటడు. ఆయన నౌకరి గదే. సెలవుల వచ్చేటోళ్లు బంగారం తెస్తరు, టేపురికార్డరు తెస్తరు. మా బావ సముద్రం ఉప్పు సంచులు తెచ్చిండు! బొంబాయిల దిగి, ఆడ ఒక నారింజరంగు చేపను, ఒక పగడపు రాయిని కొని, కవర్ల నీళ్లు పోసి, రాత్రంత బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చి, ఇంట్ల అద్దాల తొట్టి పెట్టి గా ఉప్పు నీళ్లల్ల ఇడిసిండు. రాయి అంటె ఉత్త రాయి గాదు. దాని మీద పువ్వుల లెక్క విచ్చుకునేటివి ఉన్నయి, వాటికి గూడ పానం ఉన్నది.

మా అక్క సుగుణ మొదాలు మస్తు తిట్టింది. ఇంట్ల సముద్రం పెట్టుడేందని. బావ మళ్ల దుబాయి పోయినంక, గా చేపతోనే ముచ్చట పెట్టుడు షురూ చేసింది. షేకు అని పేరు గూడ పెట్టుకున్నది. బావ ప్రతి శుక్రారం పక్కింటికి ఫోన్ చేస్తడు. మొదాలు షేకు ఎట్లున్నడు అంటడు, తర్వాత నువ్వెట్లున్నవ్ అంటడు. అక్కకు గది కోపమే. గని షేకుకు ఏమన్న అయితె గా మనిషికి ఏమని చెప్పాలె అనే భయం అంతకన్న ఎక్కువ.

గిప్పుడు నీళ్లు తెల్లగ మసకబారినయి. షేకు మీదికచ్చి నోరు తెరుసుకుంట తిరుగుతున్నడు. రాయి మీది పువ్వులు ముడుసుకున్నయి. అక్క జగిత్యాలల నా దుకాణానికి ఫోన్ చేసి ఒక్కటే ఏడుపు, శుక్రారం లోపట ఏదన్న చెయ్యి తమ్మీ అని. నాది రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. నేనున్న గదక్కా, ఏడువకు అన్న. నేను గీ మాట అన్నప్పుడల్ల మా ఇంట్ల ఏదో ఒకటి కాలుతది.

బావ పోయేటప్పుడే చెప్పిండు, నీళ్లు చెడిపోతె స్కిమ్మర్ పెట్టాలె అని. పప్పు ఉడికేటప్పుడు మీదికచ్చే నురుగు తీసేస్తం జూడుండ్రి, గంతే ముచ్చట. నిలువు పైపుల సన్నటి బుడగలు ఇడిస్తె, చేప చేసిన మురికంత నురుగుకు అంటుకొని మీది డబ్బల పడుతది. కొందామంటె ఇక్కడ ఎక్కడ దొరుకుతది? నేనే చేసిన. ఒక లావు ప్లాస్టిక్ పైపు, మీద చాయ్‌పత్త డబ్బ, కింద మూత, గాలికి చిన్న మోటరు. బుడగలు సన్నగ రావాలంటె కట్టెల నుంచి గాలి పోవాలె. సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడిపే నా దోస్తు నూలు సుట్టే పాత కట్టె కండె ఇచ్చిండు. దాని పాలిష్ గీకి లోపట పెట్టిన. నా తెలివికి నేనే మురిసిపోయిన!

మురిసి ఏం చేసిన? రెండు దిక్కుల మూతలు బిగిచ్చి, నడుమ వైరు వేలాడుతున్న పైపును తువ్వాలల సుట్టి, కోరుట్ల బస్సుల పసిపిల్లగాని లెక్క ఒళ్లె పెట్టుకొని కూసున్న. బాంబులు పేలే గీ రోజులల్ల, గీ రోడ్డు మీద! బుద్ధి ఉన్నోడు ఎవడన్న కూసుంటడా?

నడుమల చెకింగు. కానిస్టేబుల్ తువ్వాల కొస లేపి చూసిండు, మళ్ల మెల్లగ కప్పిండు. దిగుండ్రి అని ఎవ్వరు చెప్పనే లేదు, బస్సు ఖాళీ అయింది. నా పక్కన కూసున్న ముసలాయన చెప్పులు గూడ ఇడిసిపెట్టి దిగిండు. నన్ను రోడ్డు పక్క చెల్కల నిలవెట్టి, దూరం నుంచి, నువ్వే ఇప్పురా అన్నరు. ఇప్పిన. లోపట నూలు కండె. దాన్ని చూసినంక వాళ్లకు అనుమానం ఇంక పెరిగింది.

ఠాణాకు తీస్కపోయిండ్రు. నా అదృష్టం, ఆడ ఒక కానిస్టేబుల్ నన్ను గుర్తుపట్టిండు. వాళ్లింటి టీవీ నేనే బాగుచేసిన. బొమ్మ రాలేదు గని సార్, మనిషి మాత్రం మంచోడు అని చెప్పిండు. ఎస్సై సారు నన్ను ఎగాదిగా చూసి, సరే పో అన్నడు.

గప్పుడు నేను దండం పెట్టి ఉరుకాలె గదా? దర్వాజ దాక పోయి మళ్ల మర్రిన.

"సార్, నా పైపు ఇయ్యుండ్రి సార్."

సారు లేవబోయేటోడు మళ్ల కూసున్నడు. పానం దక్కిందని పోక పైపు అడుగుతున్నవంటె దీంట్ల ఏదో ఉన్నది అన్నడు. షేకు పానం పోతది సార్ అన్న. షేకు ఎవడన్నడు. చేప అన్న. అయితె నడిపి చూపెట్టు అన్నడు. బకెట్ల నీళ్లు పోసి నడిపిన. బుడగలు మస్తు అచ్చినయి, నురుగు మాత్రం చుక్క లేదు. ఉప్పు గావాలె సార్ అంటె, వంట కాడి ఉప్పు పాకిట్ తెచ్చి పోసిండ్రు. అయినా రాలే. మురికి గూడ గావాలె సార్ అన్న. నా కోసం బకెట్ తోమి తెచ్చిన కానిస్టేబుల్ మొఖం మాడిపోయింది.

"నడువు," అన్నడు ఎస్సై. "గా మురికి ఏడున్నదో ఆడనే చూస్త."

గట్ల జీపు ఎక్కిన. కోరుట్లల మా అక్కోళ్ల గల్లీల జీపు ఆగంగనే కిటికీలన్ని మూసుకున్నయి. అక్క నన్ను చూసి, ఏం చేసినవురా తమ్మీ అని నెత్తి పట్టుకున్నది. అది తర్వాత చెప్త, షేకు ఉన్నడా అన్న. ఉన్నడు, కొన ఊపిరి మీద ఉన్నడు అన్నది. పైపు తొట్టికి కట్టి మోటరు పెట్టిన. మెల్లమెల్లగ నురుగు లేసింది! నల్లగ, చిక్కగ డబ్బల పడుడు షురూ అయింది. సారు వంగి చూస్తుండు. ఆయన వంగిండని నాకు హుషారెక్కి గాలి మొత్తం తిప్పిన.

ఇగ ఆగుతదా? డబ్బ మూత లేపుకొని నురుగు పొంగింది. పొంగేటిది చూస్తె మా అక్క ఊకుంటదా? పాల గిన్నె అనుకున్నదో ఏమో, ఉరికచ్చి "ఉఫ్" అని గట్టిగ ఊదింది. నురుగంత పోయి సారు అంగి మీద, మీసాల మీద పడ్డది.

ఎంబడి వచ్చిన కానిస్టేబుల్ గోడ దిక్కు మర్రిండు, వాని భుజాలు ఊగుతున్నయి. సారు జేబురుమాలుతోని తుడుసుకొని, ఒక్కసారి వాసన చూసి కండ్లు మూసుకున్నడు.

"ఇది బాంబు గాదు," అన్నడు మెల్లగ. "గని దీనికన్న బాంబు నయం."

అక్క ఇచ్చిన చాయ్ బయటనే నిలవడి తాగి పోయిండు. మంచి మనిషి. తెల్లారేసరికి నీళ్లు తేటగైనయి, పువ్వులు విచ్చుకున్నయి, షేకు రాయి సుట్టు ఉరుకుతుండు. అక్క నవ్వుకుంట ఏడ్సింది. నాకు గూడ కండ్లల్ల నీళ్లు తిరిగినయి, అబద్ధమెందుకు.

శుక్రారం బావ ఫోన్ అచ్చింది. షేకు ఎట్లున్నడు అన్నడు. మంచిగున్నడు అన్నది అక్క. ఇగ దాసుకోలేక, నీ చేప పానం కోసం నా తమ్మున్ని పోలీసోళ్లు పట్టుకున్నరని మొత్తం చెప్పింది. నేను గూడ పక్కనే చెవి పెట్టి ఇంటున్న. పాపం, నా కోసం పరేషాన్ అయితడు అనుకున్న. బావ మెల్లగ అడిగిండు.

"మరి పైపు వాపస్ ఇచ్చిండ్రా?"

అక్క తిట్టిన తిట్లు పక్కింటోళ్లకు ఇంక చెవులల్ల మోగుతున్నయట. నేను మాత్రం బావను ఒక్క మాట అనలే. ఏ మొఖం పెట్టుకొని అంట? ఠాణా దర్వాజ కాడ నిలవడి నేను అడిగింది గూడ గదే గదా!