మగ్గం గుంత చుట్టూ కోట ముట్టడి

మొదటి సిపాయి తల లేకుండా పుట్టాడు. అచ్చు విప్పి చూస్తే పాదాల నుంచి భుజాల దాకా తగరం చక్కగా దిగింది, ఆపైన ఏమీ లేదు. కళాయి మామ పట్టకారుతో వాణ్ణి పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ మూకుడులో పడేశాడు. కాసేపట్లో సిపాయి కరిగిపోయాడు.

అప్పటికి నేను రిటైరై నాలుగు నెలలు. మాది ఎమ్మిగనూరు, నేతపని చేసిన ఇల్లు. ఆదోనిలో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరి, ఉద్యోగం ఉన్నంతకాలం రోజూ బస్సులో పోయి వచ్చాను. ఏడాదికొకసారి పిల్లల్ని కోట కొండ ఎక్కించి బొమ్మలు గీయించేదాన్ని. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి కూలిన బురుజు గీస్తూ, దీన్ని ఎవరు కూల్చినారు టీచర్ అని అడిగింది. సోషల్ టీచరును అడుగు అన్నాను. కొండ దిగుతున్నంతసేపూ ఆ జవాబు నన్ను పొడుస్తూనే ఉంది. ఆ బురుజు మీద ఎండ ఎటు పడుతుందో, నీడ ఎటు వేయాలో ఎందరికో నేర్పాను. అది ఎందుకు కూలిందో మాత్రం ఒక్కసారీ తెలుసుకోలేదు.

రిటైరయ్యాక చదివాను. రెండు వందల ఏళ్ళు దాటిన మాట. మైసూరు సేన వచ్చి ఈ కోటను ముట్టడించింది. లోపల హైదరాబాదు వాళ్ళ మనుషులు. చివరికి కోట పోయింది, గోడలు పడగొట్టారు. నాకు దొరికిన పుస్తకంలో అదంతా రెండు పేరాలు. ఆ రెండు పేరాలు కళ్ళకు కనబడేట్టు చేయాలనిపించింది. కొండలు, బురుజులు, ఫిరంగులు, గుడారాలు, చిటికెన వేలంత ఎత్తు సిపాయిలు, వాళ్ళు వందల్లో.

చోటు మా ఇంట్లోనే ఉంది. నాన్న పోయాక మగ్గం విప్పేశారు గానీ, నేసేటప్పుడు కాళ్ళు దించుకునే గుంత అట్లాగే ఉండిపోయింది. ఆ గుంత అంచున కూర్చుని, చుట్టూ నేలకు జానెడు ఎత్తున బల్లలు వేసుకుంటే యుద్ధభూమి సరిగ్గా నా చేతికి అందుతుంది. మా తమ్ముడు సరేనన్నాడు. మరదలు మాత్రం, "ఆడమనిషికి ఈ వయసులో యుద్ధాలేంది వదినా, ముగ్గులేసుకుంటే పోలా?" అంది. ముగ్గులు ఎప్పుడూ వేస్తూనే ఉన్నాను కదా అన్నాను.

సిపాయిల కోసమే ఆదోని బజారులో అందరూ కళాయి మామ అని పిలిచే ఆయన దగ్గరికి పోయాను. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం ఆయన పని. స్టీలు వచ్చాక ఆ పని తగ్గిపోయి, పెండ్లి వంటల డేగిసాలు తప్ప ఏవీ రావడం లేదు. తగరాన్ని ఆయన కంటే బాగా ఎరిగినవాళ్ళు నాకు తెలియదు. నేను తీసుకుపోయిన అచ్చు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది. దాంట్లో తడి ఉందని, తడి ఉంటే తగరం మనిషి మీదికి చిమ్ముతుందని ఆయన చెప్పాడు. తల పోవడానికి కారణం మాత్రం గాలి. లోపలి గాలి బయటికి పోయే దారి లేక తల దగ్గర చిక్కుకుందన్నాడు. రాతి అచ్చు చేసుకురమ్మన్నాడు.

బలపం రాయి పలకలు తెప్పించి, వృత్తలేఖిని ముల్లుతో, ఊలు సూదితో సిపాయిని తిరగేసి తొలిచాను. తలపాగా నుంచి వెంట్రుకంత సన్నని గీత బయటికి తీశాను, గాలి పోవడానికి. నాలుగో పలకకు తల వచ్చింది. ఆ రోజు మామ కొలిమి పక్కన నిలబెట్టిన పదకొండు మంది సిపాయిలను టిఫిన్ డబ్బాలో పత్తి పరిచి పడుకోబెట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాను.

రంగు వేయడం ఇంకో పని. మైసూరు సిపాయిల అంగీల మీద పులి చారల్లాంటి గుర్తులు ఉండేవని పాత బొమ్మల్లో చూశాను. చిటికెన వేలంత మనిషికి అంగీ ఎంత, దాని మీద చార ఎంత? బ్రష్షులో ఐదారు వెంట్రుకలు ఉంచి మిగతావి కత్తిరించేశాను. ఊపిరి బిగబట్టి ఒక చార, ఊపిరి వదిలి ఇంకొకటి. మా అమ్మ తెగిన పడుగు పోగులు అతికేటప్పుడు అట్లాగే ఊపిరి బిగబట్టేది. రోజుకు ఆరుగురు. పండగైనా, జ్వరమైనా ఆరుగురు. రెండేళ్ళకు కొండ లేచింది, గోనెపట్టా మీద ప్లాస్టరు పోసి, నిజం కొండ నుంచి తెచ్చిన రాతిపొడి చల్లి. పడమటి వాలులోనే ఆరు వందల మందిని అతికించాను.

ఆదోని కొండల్లో సీతాఫలాలు ఏరి ఎమ్మిగనూరు సంతకు తెచ్చే పెద్దామె ఒకామె ఉంది. ఒకరోజు మా గడప ముందు మరదలు పండ్లు బేరం చేస్తుంటే, తలుపు తీసి ఉన్న మగ్గం గదిలోకి తొంగి చూసింది. గంప దించి లోపలికి వచ్చి, గుంత పక్కన గొంతుకూర్చుంది. చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను.

"కొండ బాగుంది గానీ తల్లీ, ఈడ దొన యాడ?" అంది.

దొన అంటే కొండరాళ్ళ మధ్య వాననీళ్ళు నిలిచే గుంట. పడమటి పక్క అలాంటిది ఏదీ లేదన్నాను. నేను గీసుకున్న పటం చూపించాను. ఆమె పటం వైపు చూడనే లేదు.

"ఉంది. నేను నీళ్ళు తాగేది దాంట్లోనే. దాని పక్కనుంచే దారి. ఇంతమంది మగోళ్ళు కొట్లాడుకుంటా ఉంటే, తాగేదానికి నీళ్ళు మోసినోళ్ళు యా దోవన పోయినారు? అట్లాంటోళ్ళు ఒక్కరూ కానరారే."

నాకు కోపం వచ్చింది. చదువుకోని మనిషి నా కొండను తప్పుపట్టడమేంటని వచ్చిన కోపం అది, దాచుకోవడం ఎందుకు. మర్నాడే మొదటి బస్సుకు ఆదోని పోయి, పడమటి వైపు నుంచి కొండ ఎక్కాను. ముళ్ళకంపల్లో చీర రెండుచోట్ల చిరిగింది. రెండు పెద్ద గుండ్ల సందున, పచ్చని నీళ్ళతో దొన ఉంది. దాని పక్కన రాయిని చెక్కి మెట్లు. అరిగి అరిగి నున్నబడిన మెట్లు. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ఎక్కించింది తూర్పు దారిన, అందరూ పోయే దారిన.

దిగి నేరుగా మామ దగ్గరికి పోయాను. ఆయన టీ తెప్పించాడు. ఆ వాలు అట్లా వదిలేసినా చూసేవాళ్ళెవరికీ తెలియదని, ఆరు వందల మందిని పెరికితే సగానికి కాళ్ళు విరుగుతాయని చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే.

"నాకు తెలుసు కదా మామా," అన్నాను.

ఆయన టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. "అయితే పగలగొట్టు. ఇరిగినోళ్ళను పట్టుకరా, మళ్ళా పోస్తాను."

సుత్తి మొదటి దెబ్బ వేసేటప్పుడు మరదలు గడపలో నిలబడి చూసింది. రెండో దెబ్బ తర్వాత లోపలికి వచ్చి, ఊడిన సిపాయిలను ఏరి చేటలో వేయసాగింది. రెండు వందల ఎనభై మందికి కాళ్ళు విరిగాయి. ఆమే లెక్కపెట్టింది.

ఆ ఏడే మామ కళ్ళకు పొరలు కమ్మాయి. మూకుడులో తగరం రంగు తెలియడం లేదని, చప్పుడుతో, వాసనతో అంచనా వేస్తున్నానని ఒకరోజు చెప్పాడు. ఇక కొలిమి దగ్గర నేను కూర్చున్నాను. ఆయన పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, ఇప్పుడు పోయ్, ఇప్పుడు ఆగు అని చెప్పేవాడు. ఒకసారి ఆగమన్నప్పుడు ఆగలేదు. కుడి పాదం మీద రూపాయి బిళ్ళంత కాలింది. వారం కుంటి, మళ్ళీ పోశాను. ఈసారి సిపాయిలే కాదు. కుండలు ఎత్తుకున్న ఆడవాళ్ళు, తోలు తిత్తి మోసే భిస్తీలు, గాయపడ్డవాణ్ణి మంచం మీద మోసే నలుగురు, గింజల మూటలతో ఎద్దులు, సేనకు గుర్రాలు. దొనలో నీళ్ళ కోసం గాజుముక్క కింద ఆకుపచ్చ రంగు పూశాను. కొత్త వాలుకు పద్నాలుగు నెలలు పట్టింది.

మామకు రెండు కళ్ళకూ ఆపరేషన్ అయిన నెలకు, నేను పనిచేసిన బడి హాలులోనే ముట్టడిని జనానికి చూపించాం. నాలుగు ముక్కలుగా విప్పి, పత్తి మూటల మధ్య ట్రాక్టరులో తెచ్చాం. బజారు వాళ్ళు, పాత విద్యార్థినులు, వాళ్ళ పిల్లలు వచ్చారు. ధాన్యం వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన ఫోనులో ఫోటోలు తీసుకుంటూ అడిగాడు.

"అమ్మా, ఇందులో మనోళ్ళు యా పక్క ఉండారు?"

జవాబు కోసం అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్న మామ చెప్పాడు. "రెండు పక్కలా ఉండారన్నా. నేనే పోసినాను అందర్నీ."

ఆయన నవ్వాడు, పక్కనున్నవాళ్ళూ నవ్వారు. పెద్దమనిషి మళ్ళీ వంగి, ఈసారి నీళ్ళు మోసే ఆడవాళ్ళ వైపు ఫోను తిప్పాడు.

జనం పోయాక మామ నల్లద్దాలు తీసి, నాలుగు బల్లల చుట్టూ తిరిగాడు. రంగు వేసిన సిపాయిలను ఆయన స్పష్టంగా చూడటం అదే మొదటిసారని నాకు అప్పుడు తట్టింది. చారలు చూశాడు, మీసాలు చూశాడు. గుర్రాల దగ్గర ఆగిపోయాడు.

"ఈటి ఎనక కాళ్ళు ఇట్ల ఉండాయని నాకెందుకు సెప్పలేదు టీచరమ్మా? ఇవి గుర్రాలు కావు, మేకలు."

అచ్చు నాదే, తప్పు నాదేనన్నాను. ఎవరికీ తెలియలేదు కదా అనబోయి మింగేశాను. మరుసటి సోమవారం కొత్త బలపం రాయి పలక తీసుకుని ఆదోని బస్సెక్కాను. మొత్తం నూట ఎనభై గుర్రాలు. ఇప్పటికి డెబ్బై రెండు మార్చాం.