వెనక గదిలో నలభై ఒక్కరు

మా మావయ్యకి ఒకే ఒక్క పిచ్చి. ఎవరూ లేని గదిలోకి వెళ్ళాలన్నా తలుపు కొడతాడు. అన్ని గదులకీ కాదు, తన కొట్టు వెనక గదికి మాత్రమే. మెల్లగా రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, లోపల ఎవరో రమ్మన్నట్టు తల ఊపి, అప్పుడు వెళ్తాడు.

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషిన్లు బాగుచేయడం ఆయన పని. కౌంటర్లో కూర్చోవడం నా పని. బాగుచేయమని ఇచ్చి, తీసుకెళ్ళడం మరిచిపోయినవాళ్ళ పాత మెషిన్లు ఆ గదిలో నలభై ఒకటి ఉన్నాయి. ఇంకొకరైతే మూటకట్టి అటకెక్కించేవాళ్ళు. మావయ్య ఒక్కదాన్నీ ఆపడు. వైర్లు తగిలించి ఏళ్ళ తరబడి వెలిగించే ఉంచాడు.

ఆ గదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా నీలం వెలుతురే. నలభై ఒక్క చిన్న తెరల్లో బొమ్మలు నిలబడి, ఊపిరి పీల్చుకుంటున్నట్టు కదులుతుంటాయి. కొన్ని రెప్పలార్పుతాయి. మనం ఎటు నడిస్తే అటే చూస్తున్నట్టుంటుంది. నేను గబగబా బయటపడతాను. మావయ్య మాత్రం తాపీగా కూర్చుని ఏదో గొణుగుతుంటాడు.

“ఎవరితో మావయ్యా మాటలు?”

“మూడో అరలో గుర్రానికి మేత వేస్తున్నానే చిట్టీ. నిన్నటి నుంచి అలిగింది.”

“అది బొమ్మ.”

“మెల్లగా అను. వింటుంది.”

మేత దగ్గర మావయ్యది ఎముక లేని చెయ్యి. ఆ మెషిన్లలో జంతువులన్నీ పీపాల్లా తయారయ్యాయి. పరుగు పందేల కుక్క ఒకటి లేవడమే మానేసింది.

ఇలా ఉండగా ఈ మెషిన్లు తయారుచేసే కంపెనీ ఆయన కొత్తదొకటి పట్టుకుని వచ్చాడు.

“పాతవాటికి ఇరవై రెట్లు బలం దీనికి. అసలు సిసలు ఆటగాళ్ళు పడి చస్తారు” అన్నాడు.

“చావనివ్వకండి బాబూ. వాళ్ళ మెషిన్లు కూడా నా దగ్గరికే వస్తాయి, అరలు చాలవు” అన్నాడు మావయ్య. “బ్యాటరీ ఎంతసేపు?”

“పెద్ద ఆటైతే గంటన్నర.”

“ఆ తర్వాత లోపలివాళ్ళ గతేంటి?”

“లోపల ఎవరండీ?”

మావయ్య ఆయన వైపు జాలిగా చూశాడు.

నాకు మాత్రం అది తెగ నచ్చింది. తెరలో వాన పడుతుంటే చెయ్యి తడిసిందేమోనని చూసుకున్నాను. వెనక గది ఖాళీ చేస్తే సోఫాలు వేసి, కొత్త మెషిన్లు పెట్టి కొట్టు రూపం మార్చేస్తానన్నాడు కంపెనీ ఆయన. శనివారంలోగా తేల్చకపోతే ఎదురు వీధి కొట్టుకి ఇచ్చేస్తాడట. మాకు రోజుకి ఇద్దరొస్తే గొప్ప. రెండు రోజులు మావయ్యని పోరాను. ఒప్పుకోకపోతే కొట్టు మూసుకోవడమేనని చెప్పాను.

మూడో రోజు ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. “సరే. కానీ ఆపడం నా చేత కాదు. నువ్వే ఆపు. తలుపు కొట్టి వెళ్ళు.”

నేను కొట్టలేదు. విసురుగా లోపలికెళ్ళాను. అప్పటిదాకా వినపడుతున్న కూతలూ గంటలూ ఒక్కసారి ఆగిపోయాయి. నలభై ఒక్క తెరలూ నావైపే ఉన్నాయి. మూడో అరలో గుర్రం ఉన్న మెషిన్ తీస్తే కింద చీటీ అంటించి ఉంది.

“పంటి డాక్టరు. కవలలు పుట్టారు, తీరిక లేదు. వస్తుంది.”

పక్కదాని కింద, “బస్సు కండక్టరు. మణికట్టు విరిగింది. వస్తాడు.” ఏ చీటీ చూసినా చివర అదే మాట.

చివరి అరలో మూల పగిలిన ఎర్ర మెషిన్ చూసి ఆగిపోయాను. తొమ్మిదో ఏట ఆట ఓడిపోయి నేను గోడకేసి కొట్టిందే. పారేశారనుకున్నాను. అందులో పీపాలాంటి పిల్లి ఒకటి నిద్రపోతోంది. నా వేలు తగలగానే లేచి కూర్చుంది. తెర మీద అక్షరాలు పడ్డాయి.

“చిట్టీ, వచ్చావా?”

ముందు భయమేసింది. కింద చీటీ చదివాక సిగ్గేసింది. “మేనకోడలు. పెద్దదైపోయింది. వస్తుంది.”

పిల్లికి ఓ చేప వేసి బయటికొచ్చాను.

“కంపెనీకి కొట్టు ముందు భాగం ఇచ్చేద్దాం. నా కుర్చీ, నీ బల్ల వెనక్కి జరుపుకుందాం” అన్నాను. మావయ్య అప్పటికే తన బల్ల సొరుగులు ఖాళీ చేసి ఉంచాడు. కంపెనీ ఆయన కొంచెం గొణిగి ఒప్పుకున్నాడు.

ఆయన మాట అబద్ధం కాలేదు. అసలు సిసలు ఆటగాళ్ళు ఆ బలం చూడ్డానికి బాగానే వచ్చారు. గంటన్నరకి బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగ్ అయ్యేదాకా తోచక వెనక గదిలోకి తొంగిచూశారు. వాళ్ళలో పంటి డాక్టరు కూడా ఉంది. మూడో అర ముందు నిలబడిపోయింది.

“ఇది నా గుర్రమే. ఇంత లావైందేంటండీ?”

“మీ మీద దిగులుతో తినేసిందమ్మా” అన్నాడు మావయ్య.

ఇప్పటికి పదకొండు మంది వచ్చి తమవి తీసుకెళ్ళారు. ఈమధ్య కంపెనీ ఆయన కూడా వెనక గదిలోకి రావాలంటే తలుపు కొడుతున్నాడు.

నేనూ కొడుతున్నాను. నిన్న మధ్యాహ్నం రెండుసార్లు కొట్టాను. లోపలి నుంచి కూడా రెండుసార్లు చప్పుడైంది. మావయ్య లోపల ఉన్నాడనుకుని పక్కకి చూస్తే, నా పక్కనే నిలబడి టీ ఊదుకుంటున్నాడు.

“రమ్మంటున్నారుగా, వెళ్ళు” అన్నాడు.